ఊ కొట్టే రాక్షసుడు

ఆగస్టు 4, సోమవారం

ఈరోజు ముగ్గురు ఆడపిల్లలు నన్ను కుర్చీలోంచి లేపి మంచం మీద పడుకోబెట్టారు. మళ్ళీ లేపారు. మళ్ళీ పడుకోబెట్టారు. అంతా జపాను భాషలో.

ముందు గది మౌసుమీ దీదీకి అద్దెకిచ్చినప్పటి నుంచీ పొద్దున్నే ఇదే సందడి. దీదీ జపానులో ముసలివాళ్ళ ఆశ్రమంలో పని చేసి, తల్లికి బాగాలేదని వచ్చేసిన మనిషి. ఇప్పుడు ఆ పనికి వెళ్ళాలనుకునే పిల్లలకి భాష, పని రెండూ నేర్పుతుంది. ఎత్తడం, దించడం నేర్వాలంటే ఒక ముసలివాడు ఉండాలట. "దాదు, ఆప్ తో ఘర్ మే హీ హై" అంది. తాతా, ఎలాగూ ఇంట్లోనే ఉంటావు కదా అని. ఉంటాను.

"ఇతాయ్ దెస్ కా?" అని అడుగుతారు పిల్లలు. నొప్పిగా ఉందా అని. నేను "ఇతాయ్" అనాలి. "దైజోబు" అనేశాను. ఫరవాలేదు అని. దీదీ తల పట్టుకుంది. నొప్పి అంటేనే కదా వాళ్ళకి పాఠం ముందుకు సాగేది... రెండోసారీ దైజోబే వచ్చింది. మోకాలు నిజంగానే నొప్పి.

ఆగస్టు 6, బుధవారం

వాన. క్లాసు లేదు. ఎవరూ లేపలేదు.

ఆగస్టు 9, శనివారం

దీదీ గోడ మీద అక్షరాలు కావాలంది. కాగితం మీద రాసిచ్చింది. స్టూలెక్కి నల్ల పెయింటుతో వేశాను. అర్థం తెలియదు. తెలియకుండా రాయడం నాకు కొత్త కాదు — ఊళ్ళో ఐదో తరగతి వరకు తెలుగు చదివి, హౌరా లైనులో ఈ ఊరికొచ్చి రైల్వే వర్క్‌షాప్‌లో వ్యాగన్ల మీద హిందీ, ఇంగ్లీషు వేస్తూ రిటైరయ్యాను.

దీదీ నిలబడి చూసింది. "దాదు, ఈ అక్షరాలు గూడ్సు బండెక్కి వెళ్ళిపోయేట్టున్నాయి." పిల్లలు నవ్వారు. నిజమే. అంచులు నలుచదరంగా వచ్చాయి. చెయ్యి అంతే.

పిల్లలు వెళ్ళాక అన్నం పళ్ళెం పట్టుకుని ఆ గదిలోనే కూర్చున్నాను. తింటూ గోడ చదివాను. అ, ఇ, ఉ, ఎ, ఒ. మన వరసే. తర్వాత క, కి, కు. దీదీ పలికిన పద్ధతిలో నోటితో అన్నాను. గదిలో మాట వినపడి ఎన్నాళ్ళయిందో.

ఆగస్టు 14, గురువారం

దీదీ బొమ్మల పుస్తకం తెచ్చింది. జపాను పాత కథలు — వీరులు, రాక్షసులు. ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసే ఆశ్రమం వాళ్ళు ఒక్కో పిల్లని ఒక్కో కథ చెప్పమంటారట. అక్కడి ముసలివాళ్ళకి చిన్నప్పటి కథలంటే ఇష్టం అని.

పగటి పూట కథ చెబితే దారిన పోయేవాళ్ళు దారి తప్పుతారని అమ్మ అనేది. అది దీదీకి ఎలాగోలా చెప్పాను. అక్కడ ఇంకో రకం అంది. పగలు కథ చెబితే ఎలక వచ్చి నెత్తిన ఉచ్చ పోస్తుందట. పిల్లలందరూ దూలాల వైపు చూశారు.

కథ ఇది. ఉప్పు మోసుకుని ఊరూరా తిరిగేవాడు ఒకడు. కొండ కనుమలో ఓని అడ్డం వస్తాడు. ఓని అంటే రాక్షసుడు. "కథ చెప్పు. నీ కథ ఆగిందంటే తింటాను" అంటాడు. ఉప్పువాడికి కథలు రావు. తను తిరిగిన ఊళ్ళన్నీ చెప్పుకుంటూ పోతాడు — ఏ ఊళ్ళో ఏం వండుకుంటారు, ఎంత ఉప్పు వేస్తారు. ఓని వింటూ కూర్చుంటాడు. చివరికి ఊళ్ళు అయిపోతాయి. ఓని లేచి నిలబడతాడు. అప్పుడు ఉప్పువాడికి గుర్తొస్తుంది, తన ఊరు ఒక్కటీ చెప్పలేదని. తన ఇల్లు, తన పొయ్యి... చెబుతూ ఉంటే ఓని మళ్ళీ కూర్చుని, అలాగే నిద్రపోతాడు. తెల్లారాక ఉప్పువాడు గుప్పెడు ఉప్పు ఓని గిన్నెలో పోసి వెళ్ళిపోతాడు. గాలి వీస్తే ఆ కనుమలో ఇప్పటికీ "ఉన్, ఉన్" అని వినపడుతుందట. ఉన్ అంటే మన ఊ.

పుస్తకం నా చేతికి వచ్చినప్పుడు బొమ్మ చూశాను. రాక్షసుడి గుహలో గిన్నె ఒక్కటే ఉంది.

ఆగస్టు 21, గురువారం

మిగతా ఇద్దరూ కథ అప్పచెప్పేశారు. పైడితల్లికి రాదు. ఖరిదా పేట పిల్ల, మన తెలుగుపిల్ల. ఎత్తడంలో, దించడంలో ఆ పిల్ల చెయ్యే మెత్తన. కానీ కథ దగ్గర ఓని లేచి నిలబడేసరికి గొంతు పోతుంది. ప్రతిసారీ అక్కడే. ఇంతకుముందు ఒక ఇంటర్వ్యూ కూడా అలా గొంతు పోయే తప్పింది.

దీదీ ఫోను మాట్లాడడానికి బయటికి వెళ్ళింది. పైడితల్లి నాకు దుప్పటి కప్పుతూ కథ తనలో తను అనుకుంటోంది. ముకషి ముకషి... అనగనగా అని. నేను "ఊ" అన్నాను. అనుకుని అనలేదు. వచ్చేసింది.

"ఏటి తాతా, ఊ అన్నావు?"

"కథ కదా."

ఆ పిల్ల నన్ను చూసి, మంచం అంచున కూర్చుని మొదటినుంచి చెప్పింది. ఆగిన చోటల్లా ఊ కొట్టాను. ఓని లేచాడు. ఊ. ఓని కూర్చున్నాడు. ఊ. చివరిదాకా వెళ్ళింది.

"మా అమ్మమ్మ కూడా ఇలగేను. ఊ కొట్టకపోతే కత ఆపేసి తొంగునీది" అంది. "ఈ ఇంటర్వూలోలేటి, రాయిలాగ కూకుంటారు. నాకు బయిమేత్తాది."

దీదీ వచ్చి గుమ్మంలో నిలబడింది. 

సెప్టెంబరు 2, మంగళవారం

ఇప్పుడు రోజూ నేనే రాక్షసుణ్ణి. కుర్చీలో కూర్చుంటాను, పైడితల్లి చెబుతుంది, నేను ఊ. రెండుసార్లు, మూడుసార్లు. కథంతా నాకూ వచ్చేసింది.

నీలమ్మ ఉన్నప్పుడు కూడా ఇదే పని. ఆమె చెప్పేది — నీళ్ళ పంపు దగ్గర ఎవరేమన్నారో, తాల్‌బగీచాలో ఎవరింట్లో ఏం వండారో. నేను ఊ. కాపురం మొత్తంలో నేను ఎక్కువ అన్న మాట అదే. "గోడకి సెప్పుకున్నా ఇంతకన్నా పలుకుతాది" అనేది. ఒకసారి పరీక్ష చేద్దామని ఊరుకున్నాను. వెంటనే మాట ఆపేసి "ఏటి, బాగులేదా?" అని నుదురు పట్టుకు చూసింది.

ఆమె పోయాక ఊ అనే అవసరం రాలేదు.

సెప్టెంబరు 17, బుధవారం

విశ్వకర్మ పూజ. వర్క్‌షాప్ గేటు తీశారు, ఇంటిల్లిపాదీ లోపలికి పోవచ్చు. వెళ్ళాను. నా పెయింట్ షెడ్డులో ఎవరో కుర్రవాళ్ళు విగ్రహం ముందు పాటలు పెట్టారు. నన్నెవరూ ఎరగరు. ఒక వ్యాగను మీద అంకెలు చూశాను. చేత్తో రాసినవి కావు, అతికించినవి.

తిరిగి వస్తుంటే గేటు దగ్గర పైడితల్లి, వాళ్ళమ్మ. ఖరిదాలో ఇడ్లీ బండి పెట్టుకునే ఆవిడ.

"అమ్మా, మా రాక్షసుడు ఈ తాతే."

"ఓలమ్మ, రాచ్చసుడు ఇంత సన్నగున్నాడేటి. రేపు బండికాడికి రా బాబూ, నాలుగిడ్లీలు తిందువుగాని."

పిల్ల ప్రసాదానికి వరసలో నిలబడితే ఆవిడ నా పక్కన నిలబడింది. "పాసవ్వాలని మొక్కుతన్నాను బాబూ. మొక్కేసి ఇంటికాడ ఏడుత్తన్నాను. ఎలిపోతే నాకెవులున్నారు? ఎల్లకపోతే దానికేటున్నాది?"

ఊ అన్నాను.  ఆవిడకి అది చాలినట్టే ఉంది.

సెప్టెంబరు 30, మంగళవారం

దుర్గాష్టమి. వీధి చివర ఢాక్ డప్పుల మోత. పిల్లలు రారు ఈ వారం. కుర్చీ గోడకి జరిపాను. మళ్ళీ మధ్యకి తెచ్చి పెట్టాను.

అక్టోబరు 6, సోమవారం

దీదీ టీ తాగుతూ మాట తీసింది. మలంచా రోడ్డు మీద పెద్ద గది దొరికింది, కొత్త బ్యాచి అక్కడ పెడతాను అని. మిగతా ఇద్దరికీ ఉద్యోగం వచ్చేసింది. ఇక పైడితల్లి ఒక్కతే. ఎల్లుండి ఇంటర్వ్యూలో నెగ్గితే గది ఖాళీ చేస్తానంది. నెగ్గకపోతే ఆ పిల్ల కోసం ఇంకో ఆరు నెలలు ఇక్కడే, ఎందుకంటే — "దాదు, ఆప్‌కే బినా ఓ బోల్ నహీ పాతీ." మీరు లేందే అది మాట్లాడలేదు అని నవ్వింది.

నేను కప్పు కడిగాను.

నెగ్గాలి. ఆ తల్లి మొక్కుకుంటోంది.

ఆరు నెలలంటే వచ్చే ఎండాకాలం దాకా.

అక్టోబరు 7, మంగళవారం

పైడితల్లి కథ బాగా చెప్పింది. నేను ఊ కొట్టడం ఒక్కచోట మర్చిపోయాను. "నిద్రోతన్నావా రాక్షసా" అంది. నిద్ర కాదు.

అక్టోబరు 8, బుధవారం

పొద్దున్నే దీదీ ముందు గది బల్ల మీద కంప్యూటరు పెట్టింది. అందులోంచే ఆశ్రమం వాళ్ళు చూస్తారు, వింటారు. నన్ను వంటింట్లో కూర్చోమంది. తెర వేసింది. "దాదు, ఏక్‌దమ్ చుప్. దగ్గు వస్తే కూడా పెరట్లోకి."

పైడితల్లి తెర సందులోంచి ఒకసారి చూసింది. మొహం తెల్లబోయి ఉంది.

అడిగినవాటికి బాగానే చెప్పింది. తర్వాత కథ. ముకషి ముకషి. అవతల ఎవరూ ఏమీ అనరు. మర్యాద కాబోలు. నేను నోరు మూసుకుని, మోకాలి మీద వేలితో కొట్టుకుంటూ కూర్చున్నాను, ఊ అనే చోటల్లా. ఉప్పువాడు ఊళ్ళన్నీ చెప్పేశాడు. ఓని లేచి నిలబడ్డాడు.

ఆగిపోయింది.

పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు మరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ పిల్ల ఊపిరి వినపడుతోంది తెరకి అవతల. ఊరుకున్నాను. దీదీ చప్పుడు చెయ్యొద్దంది కాబట్టి ఊరుకున్నాను. అందుకే అని రాస్తున్నాను.

నీళ్ళు పొంగి పొయ్యి మీద పడ్డాయి.

"ఊ" అన్నాను.

గట్టిగానే వచ్చింది. అవతల ఏదో కదలిక. తర్వాత పైడితల్లి గొంతు — ఉప్పువాడికి తన ఊరు గుర్తొచ్చింది. తన ఇల్లు, తన పొయ్యి. ఇంక నేను ఆపుకోలేదు. ఊ. ఊ. చివరికి గాలి, కనుమ, ఉన్, ఉన్.

అవతలినుంచి ఒక ముసలావిడ గొంతు ఏదో అడిగింది. అర్థమైంది నాకు. అక్కడ ఎవరు అని. పైడితల్లి చెప్పింది, "ఓని దెస్."

వాళ్ళంతా నవ్వారు. దీదీ కూడా.

నేను పొయ్యి తుడిచాను.

అక్టోబరు 15, బుధవారం

నెగ్గింది. రసగుల్లాలు తెచ్చారు తల్లీ కూతురూ. ఆవిడ ఒక రసగుల్లా నా నోట్లో పెట్టి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "తిను బాబూ, మనిద్దరం తినాల ఇయ్యాల" అంది. తిన్నాను. ఆవిడ తినలేదు.

నవంబరు 3, సోమవారం

దీదీ బెంచీలు పట్టుకెళ్ళింది. మంచం ఉంచేసింది. మలంచాకి వచ్చి ముసలివాడి వేషం వెయ్యమని అడిగింది. కొత్త పిల్లలు. నాకు కొత్తవాళ్ళంటే... చూద్దాం అన్నాను. ఇంకోసారి అడుగుతుందనుకున్నాను. ఆటో వచ్చేసింది.

గోడకి సున్నం వేయించి ఇస్తానంది. వద్దన్నాను.

నవంబరు 19, బుధవారం

లేచాను. నా అంతట నేనే.

డిసెంబరు 11, గురువారం

చలి. మోకాలు. "ఇతాయ్ దెస్ కా" అని అడిగాను. ఇతాయ్. అడిగేవాళ్ళు లేనప్పుడు సరిగ్గానే వస్తోంది.

జనవరి 22, గురువారం

పైడితల్లి వచ్చింది, వీసా వచ్చిందని చెప్పడానికి. ఆ పుస్తకం నాకిచ్చింది. దీదీ ఇమ్మందట. కాసేపు కూర్చుంది. దూలాల వైపు చూసి, "ఎలకలు లేవు కదా" అని, కథ ఎత్తుకుంది. ఇప్పుడు ఎక్కడా ఆగడం లేదు. నేను ఊ అనేలోపే ముందుకు పోతోంది. రెండుసార్లు నా ఊ వెనకబడింది.

మంచిదే.

ఫిబ్రవరి 9, సోమవారం

స్టేషనుకి వెళ్ళాను. హౌరా లోకల్. అక్కడినుంచి విమానానికి దీదీ దింపుతుంది. వాళ్ళమ్మ ఇడ్లీలు కట్టింది, జపాను దాకా సరిపడా. దీదీ వాటిలో సగం తీయించింది.

ప్లాట్‌ఫారం మీద జనం. నేను స్తంభం దగ్గర నిలబడ్డాను. పైడితల్లే వచ్చింది.

"తాతా, అక్కడ ముసలోలు ఊ కొడతారంటావా?"

"కొడతారు."

"కొట్టకపోతే?"

 "ఆగకు" అన్నాను.

బండి ఎక్కాక కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, క్లాసులో అడిగినట్టే అడిగింది, "ఇతాయ్ దెస్ కా, ఓజీసాన్?" తాతా, నొప్పిగా ఉందా అని.

"దైజోబు" అన్నాను.

"మళ్ళీ తప్పే సెప్పినావు" అంది. బండి కదిలింది.

వాళ్ళమ్మా నేనూ బయటిదాకా కలిసి నడిచాం. ఆవిడ దారంతా మాట్లాడింది. నేను ఊ. ఖరిదా మలుపు దగ్గర ఆవిడ అటు, నేను ఇటు.

ఫిబ్రవరి 12, గురువారం

కబురు లేదు. కథలన్నీ పగలే చెప్పుకున్నాం. అమ్మ మాట మీద నమ్మకం అని కాదు. మధ్యలో ఎక్కడో విమానం మారాలన్నారు, అంత పెద్ద చోట.

ఫిబ్రవరి 13, శుక్రవారం

చేరిందట. వాళ్ళమ్మ చెప్పింది. నాలుగు ఇడ్లీలు తిన్నాను.

ఫిబ్రవరి 21, శనివారం

ముందు గదిలో మంచం మీద కూర్చుని కథ మొత్తం పైకి చెప్పి చూశాను. గోడ చూసుకుంటూ, పుస్తకం చూసుకుంటూ. జపాను మాటల్లోనే. చెబుతూ ఊ కూడా నేనే కొట్టబోయాను. కుదరదు. ఊ అన్నాక కథ ఎక్కడుందో మర్చిపోతున్నాను. కథలో పడితే ఊ మర్చిపోతున్నాను. అది ఇద్దరు చేసే పని.

ఓని లేచి నిలబడే చోట ఆపాను. బొమ్మలో ఒక్క గిన్నె. ఆ గుప్పెడు ఉప్పు ఎన్నాళ్ళు వస్తుంది.

ఫిబ్రవరి 24, మంగళవారం

మలంచా వెళ్ళాను, బియ్యానికి. దీదీ గది మేడ మీద. కింద నిలబడితే పిల్లల గొంతులు వినపడ్డాయి. ఇతాయ్ దెస్ కా, ఇతాయ్ దెస్ కా. ఇంకెవరో ముసలాయన "ఇతాయ్" అన్నాడు. సరిగ్గా.

పైకి వెళ్ళలేదు.

మార్చి 2, సోమవారం

మధ్యాహ్నం ఫోను మోగింది. పొడుగు నంబరు. ఎత్తనా వద్దా అనుకుని ఎత్తాను.

"తాతా. రాక్షసా. నాను."

ఊ అన్నాను.

ఎలా ఉన్నావని నేను అడగలేదు. ఆ పిల్లే చెప్పింది. చలి, మంచు, చేపల వాసన. అందరూ మంచోలే. అమ్మకి సెప్పకు గాని రోజూ ఏడుపొత్తంది... తర్వాత గొంతు తగ్గించి —

"ఇక్కడో మామ్మున్నాది తాతా. ఎవులితోటీ మాటాడదు. నోరిప్పదు. రోజూ కత సెప్తన్నాను. నన్నే సూత్తాది, అంతే. ఆల దేశంలో ఊ కొట్టడం మరిసిపోనాదో ఏటో. నువ్వు కొట్టి సూపించు. ఫోను మంచం మీద ఎట్టేస్తాను."

నేను ఏమైనా అనేలోపే ఫోను మంచం మీద పెట్టేసినట్టుంది. దుప్పటి రాపిడి చప్పుడు. దూరంగా ఎవరో దగ్గారు. ముందు గదిలోకి వెళ్ళి కూర్చున్నాను, గోడకి ఎదురుగా. 

ముకషి ముకషి.

ఊ.

ఉప్పువాడు కొండెక్కాడు.

ఊ.

లైను తెగి తెగి వస్తోంది. ఊళ్ళ పేర్లు కొన్ని వినపడ్డాయి, కొన్ని లేదు. వినపడనివాటికీ కొట్టాను. ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు కదా.

ఊళ్ళు అయిపోయాయి. ఓని లేచి నిలబడ్డాడు.

ఆగింది పైడితల్లి. ఈసారి గొంతు పోయి కాదు. కావాలనే ఆపింది.

నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. నేను అనేస్తే ఆ మామ్మకి చోటుండదు.

ఫోను చెవికి గట్టిగా పెట్టుకున్నాను. ఏదో గాలి చప్పుడు. ఊపిరి కావచ్చు. లైను పోయిందో ఉందో తెలియదు.

పెట్టుకునే ఉన్నాను.